పెద్దోళ్లు, పిల్లలతోని బొగత జలపాతం: శని ఆదివారాలు ఎట్ల పెట్టుకోవాలె?

నయీంనగర్_ఇల్లాలు:

అందరికి నమస్తే. వచ్చే శని, ఆదివారాలు బొగత చూసొద్దామని ఇంట్ల అనుకుంటున్నం. మొత్తం ఆరుగురం. మామయ్యకు డెబ్బై దాటినయి గని మంచిగనే నడుస్తరు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం. పాపకు పదకొండేండ్లు, బాబుకు ఆరు. ఏడు సీట్ల బండి ఉంది, మా ఆయనే నడుపుతరు.

మా ఆడిబిడ్డ వాళ్లేమో పొద్దున రామప్ప గుడి, పదకొండింటికి లక్నవరం చెరువు, మధ్యాహ్నం బొగత, రాత్రికి ఇల్లు అని ఒక్కరోజుల లెక్క తేల్చిన్రు. అది అయ్యే పనేనా? హనుమకొండల నాలుగు రోజులాయె చినుకు లేక, మరి అక్కడ నీళ్లుంటయా? అత్తమ్మ కిందిదాక దిగగలుగుతరా? పిల్లలు నీళ్లల్ల దిగుతమని ఇప్పటిసంది లొల్లి పెడుతున్నరు. ఇంకొకరు బొగత ఎందుకు, కుంటాలనే పెద్దది, అటు పొండ్రి అన్నరు. తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

ములుగురోడ్డు:

చెల్లె, మూడూ ఒక్కరోజుల తిరగొచ్చు, చూసినట్టు మాత్రం ఉండదు. హనుమకొండ నుంచి బొగత ఒక దిక్కే సుమారు 130 కిలోమీటర్లు. ములుగు దాక బండి సాఫీగ పోతది. పస్రా దాటినంక అడవి, మూలమలుపులు, ఇసుక లారీలు. ఆగకుండ పోతే మూడు గంటలు, పిల్లలు పెద్దోళ్లతోని మూడున్నర పెట్టుకో. అంటే రానుపోను ఏడు గంటలు కారులనే. దానికి రామప్ప, లక్నవరం తోడైతే ముసలోళ్లకు మిగిలేది నడుం నొప్పే.

పైగ మీ ఆడిబిడ్డ వాళ్ల వరుస తలకిందులున్నది. దగ్గరివి ముందు చూస్కుంట పోతే బొగత చేరేసరికి రెండో మూడో అయితది. ఆదివారమైతే అప్పటికి జనం, బండ్లు కిక్కిరిసి ఉంటయి. చూసి బయటపడేసరికి సందెపొద్దు, తాడ్వాయి అడవి చీకట్ల దాటాలె. అందుకని దూరందాన్ని ముందు ముగించి, దగ్గరివి తిరుగుదారిల పెట్టుకోవాలె.

శనివారం పొద్దున అయిదున్నరకు కదలండి. దామెర, మల్లంపల్లి, జాకారం మీదుగ ములుగు ఏడుకు లోపు వస్తది. గట్టమ్మ తల్లి దగ్గర ఆగి మొక్కేటోళ్లైతే కోతులతోని జాగ్రత్త, కొబ్బరిచిప్ప చేతుల పట్టుకొని కారు అద్దం దించి ఉంచొద్దు. టిఫిన్ ములుగుల గాని పస్రాల గాని కానియ్యుండ్రి, ఆ తర్వాత ఏటూరునాగారం దాక సరైన హోటల్ దొరకదు. డీజిల్ ములుగులనే నింపుకోవాలె. తాడ్వాయి దాటి ఏటూరునాగారం, అక్కణ్నుంచి ముల్లకట్ట దగ్గర గోదావరి మీది వంతెన ఎక్కితే అవతల పూసూరు. అక్కడ వాజేడు దిక్కు పట్టి జగన్నాథపురం పోతే బొగతకు బోర్డులు కనిపిస్తయి. తొమ్మిది, తొమ్మిదిన్నరకు గేటు ముందట ఉంటరు.

ఇసుక లారీల సంగతి మీ ఆయనకు గట్టిగ చెప్పు. గోదావరిల ఎత్తిన ఇసుక తడితోనే వస్తది. ఆ లారీల వెనుక నుంచి నీళ్లు, సన్నటి ఇసుక కారుకుంట పోతయి, తారు మీద పలచటి పొరలెక్క పరుచుకుంటయి. దాని మీద గట్టిగ బ్రేకు కొడితే బండి పక్కకు గుంజుతది. లారీ వెనుక నాలుగైదు బండ్ల ఎడం ఉంచాలె. మూలమలుపుల ఓవర్‌టేక్ అసలే వద్దు, ఎదురుంగ వచ్చేది గూడ లారీనే. పొద్దుగూకంగ బర్రెలు, ఆవులు తారు వెచ్చగ ఉంటదని రోడ్డు మీదనే పండుకుంటయి. అందుకే బొగత నుంచి మూడున్నరకు కదలాలంటున్న. నాలుగు దాటనియ్యకుండ్రి.

రాత్రికి ఇంటికి రాకుండ తాడ్వాయిల గాని లక్నవరంల గాని ఆగుండ్రి. రెండు దగ్గర్ల పర్యాటక సంస్థ గదులున్నయి. శని ఆదివారాలు ముందే బుక్ చేసుకోకుంటే దొరకయి, అక్కడికి పోయి అడుగుదాం అనుకుంటే తిరుగుముఖమే. ఆదివారం పొద్దున లక్నవరం, ఎండ రాకముందే వేలాడే వంతెన మీద నడిచి, పడవ ఎక్కి, పదకొండింటికి బయటపడాలె. చల్వాయి దగ్గర మెయిన్ రోడ్డు ఎక్కి వెనక్కి జంగాలపల్లి క్రాస్ దాక వచ్చి, వెంకటాపూర్ మీదుగ పాలంపేట.

రామప్ప మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టుకోవద్దు. చెప్పులు విడిచి రాతి బండల మీద నడవాలె, ఎండ కాసినరోజు అత్తమ్మ అరికాళ్లు మండుతయి. నడుమ భోజనం, విశ్రాంతి పెట్టుకొని మూడు దాటినంక పోతే బండ వేడి జర తగ్గుతది, పడమటి ఎండ అడ్డంగ పడి దూలాల కింది నల్లరాతి బొమ్మలు, వాటి నగల నగిషీ గూడ తేటగ కనిపిస్తయి. 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది, 2021ల యునెస్కో జాబితాకెక్కింది. దాన్ని ‘దారిల ఒక ఆగుడు’ కింద పెట్టుడు నాకైతే నచ్చదు, కనీసం గంటన్నర ఇయ్యుండ్రి. అక్కణ్నుంచి హనుమకొండ గంటన్నర తొవ్వ.

గోదారి_అవతల:

రూటు అన్న చెప్పినట్టే. నేను నీళ్ల గురించి చెప్త.

అక్కా, హనుమకొండల వాన పడ్డదా లేదా అన్నదాన్ని బట్టి బొగత లెక్క కట్టకండి. అక్కడ దుంకేవి చీకుపల్లి వాగు నీళ్లు. ఆ వాగుకు నీళ్లొచ్చేది ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుట్టల నుంచి. మీ దగ్గర ఎండ కాస్తున్నా ఆ గుట్టల మీద రాత్రి వాన కొడితే పొద్దున ధార నిండుగ ఉంటది. మీ దగ్గర వారం ముసురు పట్టినా అటు పడకపోతే ధార పలచబడుతది. చూడాల్సింది వాజేడు, వెంకటాపురం మండలాల వర్షపాతం. రాష్ట్ర ప్రభుత్వ ప్రణాళికా విభాగం వాళ్లు మండలాల వారీగ రోజూ లెక్క పెడతరు, ఫోన్లనే చూడొచ్చు. ఒక్క జాగ్రత్త: ములుగు జిల్లాల వెంకటాపూర్ వేరు, వెంకటాపురం వేరు. మొదటిది రామప్ప ఉన్న మండలం, రెండోది గోదావరి అవతల ఉన్నది. రెండోదే చూడాలె.

పెద్ద వాన పడ్డ మర్నాడు పోతే ఎర్రనీళ్లు, విపరీతమైన జోరు, తుంపర్లకు ఏమీ కనిపించదు, దగ్గరికి పోనియ్యరు గూడ. వాన ఆగి మూడు నాలుగు రోజులైనంక ఎరుపు తగ్గి తెల్లగ పాలలెక్క దుంకుతది. కుటుంబంతోని పోయేటోళ్లకు అదే సరైన అదను. జూలై, ఆగస్టులల్ల జోరు ఎక్కువ, సెప్టెంబరు, అక్టోబరుల చూపుకు బాగుంటది. ఎండకాలం పోతే బండలు చూసి రావాలె.

గోదావరి సంగతి మళ్లీ వేరు. వాగుల నీళ్లు తక్కువున్నా పైన మహారాష్ట్ర దిక్కు వానలకు గోదావరి పొంగుతది. అప్పుడు వెనక్కి తన్నిన నీళ్లు వాజేడు మండలంల లోతట్టు రోడ్ల మీదికి వస్తయి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తరు. భద్రాచలం మనకు దిగువనే ఉన్నా వార్తలల్ల రోజూ వచ్చే లెక్క అదే కాబట్టి గుర్తుకు బాగుంటది. మొదటి హెచ్చరిక పడ్డదంటే ఆ వారం గోదావరి దాటే ప్రయాణం మానుకోవాలె.

పిల్లలు నీళ్లల్ల దిగుడు గురించి: వరద ఉన్న రోజుల్ల స్నానం బందు పెడతరు, గార్డులు ఈల ఊది లేపుతరు. బందు లేని రోజు గూడ ధార పడే మడుగు దిక్కు పోవద్దు. పై నుంచి పడ్డ నీళ్లు అడుగుకు పోయి సుడి తిరుగుతయి. పైకి నిమ్మళంగ కనిపించినా కింద గుంజుతనే ఉంటది. అడుగు గూడ సమంగ ఉండదు, మోకాళ్ల లోతున్న చోట నుంచి ఒక్క అడుగు వేస్తే తల మునిగే గుంత ఉంటది. ఈత వచ్చినోళ్లు గూడ అట్లనే మునిగిపోతరు. బాబుకు చేతులకు తొడిగే గాలి బుడగలు కొనకండి, పారే నీళ్లల్ల అవి పట్టుకోవు, ధైర్యం ఒక్కటే ఇస్తయి.

పిల్లల సరదా తీరాలంటే దిగువకు వచ్చి వాగు పరుచుకొని పారే చోట, గార్డులు సరే అన్న చోట, వాళ్ల పిక్కలు మునిగేంత నీళ్లల్ల కూసోబెట్టండి. ఒక పెద్దమనిషి వాళ్లకంటే దిగువన నిలబడాలె, ఎగువన కాదు. జారితే వచ్చేది దిగువకే గదా. ఫోను చేతుల ఉన్నోళ్లను ఆ పనికి పెట్టొద్దు.

దిగంగనే నీటి అంచున ఒక పొడి బండను గుర్తు పెట్టుకోండి. పది నిమిషాలకోసారి దాన్ని చూడాలె. ఆ బండ తడిసిందంటే ఎగువన వాన పడి నీళ్లు ఎక్కుతున్నయని అర్థం. తెల్లనీళ్లు మట్టిరంగు తిరిగినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, చప్పుడు బరువెక్కినా అంతే. సామాను ఏరుకుంట కూసోకుండ ముందు మనుషులు మెట్ల మీదికి ఎక్కాలె. తల మీద ఎండ ఉన్నది గదా అని ఉండొద్దు.

ఒక అయిదు లీటర్ల ఖాళీ నీళ్ల డబ్బా మూత గట్టిగ బిగించి, దాని పిడికి పదిహేను మీటర్ల నైలాను తాడు కట్టి తీసుకుపోండి. ఎవరన్న జారితే వెనుక దుంకకుండ దాన్ని మనిషి చేతికి అందేటట్టు విసరాలె. తాడు నడుముకు చుట్టుకోవద్దు, బండకు ఆనుకొని కూసొని గుంజాలె.

ఫొటో_పిచ్చోడు:

అంత దూరం పోయి ఒక్క బొగతతోనే వాపసు వస్తరా? వెంకటాపురం దిక్కు వీరభద్రవరం దగ్గర ముత్యాలధార ఉంది. దాదాపు ఏడు వందల అడుగుల పై నుంచి పడతది, దాని ముందు బొగత ఎంత. శనివారం మధ్యాహ్నం అటు పోయి రావచ్చు.

గోదారి_అవతల:

తమ్మీ, ఆమె అడిగింది మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మ, ఆరేండ్ల బాబుతోని ఎట్ల పోవాలని. ముత్యాలధారకు ఊరి నుంచి అడవిల కిలోమీటర్ల కొద్ది నడక, నడుమ వాగు దాటాలె, అటవీశాఖ అనుమతి లేదు. 2023 జూలైల అట్ల పోయినోళ్లే సుమారు 80 మంది వాగు పొంగి రాత్రంత అడవిల చిక్కుకున్నరు, విపత్తుల దళం ఎన్‌డీఆర్‌ఎఫ్ పోయి తెచ్చింది. ఆ వానలల్లనే వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటల ఒక్కరోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది, తెలంగాణల ఎన్నడూ లేనంత. పోయేటప్పుడు చీలమండ లోతున్న వాగు వచ్చేటప్పటికి నడుముకు వస్తది, తొవ్వ మూసుకపోతది. ఎత్తు ఎంతున్నా కుటుంబాలకు అది చెప్పే చోటు కాదు.

నిర్మల్_కొయ్యబొమ్మ:

కుంటాల మాట వచ్చింది కాబట్టి చెప్తున్న. కడెం వాగు మీద నేరడిగొండ మండలంల ఉంటది, 147 అడుగుల ఎత్తు, బొగత కంటే చాన ఎత్తు. కాని మీకు వద్దు. ఒకటి, హనుమకొండ నుంచి బొగతకు అయ్యే దూరానికి దాదాపు రెండింతలు. రెండు, ధార ముందటికి పోవాలంటే నాలుగొందల పైచిలుకు మెట్లు దిగాలె, మళ్లీ అన్ని ఎక్కాలె. మీ అత్తమ్మతోని అయ్యేది కాదు. కింది గుండాలు చాన లోతు, ఏటా ప్రాణాలు పోతనే ఉంటయి.

ఎప్పుడన్న ఇటు రావాలంటే రెండు రోజులు పెట్టుకొని, పెద్దోళ్ల కోసం బోథ్ దగ్గరి పొచ్చెర గూడ కలుపుకోండి. అది పొట్టిది, వెడల్పుది, దిగుడు తక్కువ. మా జిల్లాది గొప్పని చెప్పాలనే ఉన్నది గని ఈసారికి బొగతనే మేలు.

లష్కర్‌బజార్_అక్క:

చెల్లె, మెట్ల గురించి ఎవరూ చెప్పలేదు. బొగతల కారు దాదాపు దగ్గరికే పోతది. గేటు దగ్గర మనిషికి, బండికి టికెట్ తీసుకొని కొంచెం దూరం నడిస్తే చాలు. కిందికి దిగేటందుకు మెట్లున్నయి, కాని దిగకున్నా పై నుంచే ధార కనిపిస్తది. అత్తమ్మ, మామయ్య పైననే నీడకు కూసుంటే తప్పేం లేదు. ఒక మడతకుర్చీ డిక్కిల వేసుకోండి.

దిగుతనంటే మాత్రం ఇట్ల: దిగేటప్పుడు నొప్పి ఎక్కువున్న కాలు ముందు కిందికి, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు పైకి. ప్రతి మెట్టు మీద రెండు కాళ్లు కలవాలె, పక్క కమ్మీ వదలొద్దు. ఊతకర్ర వాడితే దాని కింది రబ్బరు బిళ్ల అరిగిందేమో ఇంట్లనే చూడండి. అరిగిన బిళ్ల తడి బండ మీద సబ్బులెక్క జారుతది.

చెప్పులు అందరికి వెనుక పట్టీ ఉన్న సాండల్సే. హవాయి చెప్పులు తడిస్తే కాలు చెప్పులనే జారుతది. చెప్పులు విడిచి నడిస్తే పట్టు ఉంటదనుకుంటరు, పాకురు మీద అదీ ఉండదు. ఎప్పుడూ తడిగ ఉండి నల్లగ, పచ్చగ మెరిసే బండ మీద కాలు పెట్టొద్దు. ఎండిన తెల్లబండ మీదనే నడవాలె. పిల్లలకు జీన్స్ వద్దు, తడిస్తే బరువెక్కి మధ్యాహ్నం దాక ఆరదు.

తిండి ఇంటి నుంచే కట్టుకపోండి. ఆరుగురికి ముప్పావు కిలో బియ్యం పులిహోర మధ్యాహ్నానికి సరిపోతది, పొద్దున నాలుగింటికి కలిపి చల్లారినంకనే డబ్బాల పెట్టాలె, వేడిది మూత పెడితే చెమ్మ పట్టి పాచిపోతది. పెరుగన్నం గూడ కావాలంటే అన్నంల పాలు పోసి ఒక్క గంటె పెరుగు తోడు వేయండి, మధ్యాహ్నానికి పుల్లగ కాకుండ తోడుకొని ఉంటది. సర్వపిండి, సకినాలు దారికి. అక్కడ బొంగు చికెన్ అమ్ముతరు. తినాలంటే జలపాతానికి పోకముందే చెప్పి పొండ్రి, మాంసం బొంగుల కూరి నిప్పుల మీద కాల్చేటందుకు ముప్పావు గంట పైన పడతది. తొందరపెడితే ఎముక దగ్గర పచ్చిగనే ఇస్తరు. విప్పినంక ఒక ముక్క చీల్చి లోపల ఎర్రగ లేదని చూసి పిల్లలకు పెట్టండి.

పైసలు చేతుల ఉంచుకోండి, సిగ్నల్ లేకుంటే ఫోన్ పే పని చెయ్యదు. పస్రా దాటినంక చాన జాగల ఫోన్ మూగదే, మ్యాపు ముందే దింపుకోండి.

ఏజెన్సీల దోమలు ఎక్కువ, మలేరియా ఉన్న ప్రాంతం. రాత్రి ఉంటున్నరు కాబట్టి పొద్దుగూకకముందే అందరికి నిండు చేతుల బట్టలు, కాళ్లకు, చేతులకు ఓడోమాస్. తిరిగొచ్చినంక నెల లోపల ఎవరికి చలిజ్వరం వచ్చినా డాక్టరుకు ఏటూరునాగారం దిక్కు పోయొచ్చినమని చెప్పాలె, రక్తపరీక్ష చేయిస్తరు. చెప్పకుంటే వైరల్ జ్వరమని మందులిచ్చి పంపుతరు.

నయీంనగర్_ఇల్లాలు:

ఇంత వివరంగ చెప్పినందుకు అందరికి దండాలు. కుంటాల, ముత్యాలధార రెండూ కొట్టేసినం. శనివారం బొగత, తాడ్వాయిల రాత్రి, ఆదివారం లక్నవరం, రామప్ప అని ఇంట్ల ఒప్పించిన. ఒక్కటే అనుమానం. శుక్రవారం రాత్రి గట్టి వాన పడితే ఏం చెయ్యాలె? గదికి కట్టిన పైసలు పోతయని మా ఆయన అంటున్నరు.

ములుగురోడ్డు:

వాతావరణ శాఖ ములుగు జిల్లాకు ఆరెంజ్ గాని రెడ్ గాని హెచ్చరిక ఇచ్చిందంటే పైసలు పోతే పోనీ. పస్రా, తాడ్వాయి నడుమ జలగలంచ వాగు పెద్ద వానకు రోడ్డు మీదికి వస్తది. అది పారుతుంటే ఇవతల ఉన్నోళ్లు ఇవతలనే, అవతల ఉన్నోళ్లు అవతలనే. రోడ్డు మీద అడుగు ఎత్తున నీళ్లు పారుతుంటే చిన్న కార్లు తేలిపోతయి, రెండు అడుగులైతే మీ ఏడు సీట్లదైనా ఆగదు. పైగ ఆ నీళ్ల కింద రోడ్డు ఉన్నదో కోసుకపోయిందో కనిపించదు. ముందటి బండి దాటింది గదా అని వెనుక పోవద్దు.

మామూలు వానైతే శనివారం బొగత తీసేసి వరుస మార్చుకోండి. శనివారం రామప్ప, లక్నవరం, ఆదివారం పొద్దున ఆకాశం, వాజేడు లెక్క చూసి నిర్ణయం. రామప్ప, లక్నవరం రెండూ పస్రాకు ఇవతలనే, జలగలంచ దాటే పని లేదు. గది తాడ్వాయిల కాకుండ లక్నవరంల తీసుకుంటే ఈ మార్పుకు అడ్డం రాదు, దొరికితే అదే చెయ్యుండ్రి. శుక్రవారం సాయంత్రం స్టెప్నీల గాలి, వైపర్ రబ్బర్లు చూపెట్టమను. ఏటూరునాగారం దాటినంక పంక్చరైతే గాలి లేని స్టెప్నీతోని అక్కడనే కూసోవాలె.